తెల్ల వైపు పైకి

మా ఆయనకి మురికంటే పడదు. పెళ్ళయిన కొత్తలో మైలవరం వెళ్ళినప్పుడల్లా ఈ మాట మా అమ్మతో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే నోరు పుక్కిలించాలనిపిస్తుంది.

ఆయన పేరు వెంకటకృష్ణారావు. విజయవాడ వన్ టౌన్‌లో ప్రెస్సు ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎరువుల కొట్ల కరపత్రాలు అచ్చు వేస్తారు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, నోట్లోంచి తప్పుమాట రాదు. మాకు ఒక్కతే కూతురు, కనకదుర్గ. సిస్టర్ల స్కూల్లో ఎనిమిదో క్లాసు. ఆ పిల్ల కంట చెడ్డది పడకూడదని ఆయన పడే తాపత్రయం చూసి మా వీధి ఆడవాళ్ళు వాళ్ళ మొగుళ్ళని దెప్పేవారు.

వీక్లీ మా ఇంటికి తిన్నగా వచ్చేది కాదు. ముందు ప్రెస్సుకి వెళ్ళేది. అక్కడ ఆయన కత్తెర పట్టుకుని కూర్చుని, పిల్ల చూడకూడని బొమ్మలు, చదవకూడని పేరాలు కత్తిరించి పంపేవారు. ఇల్లు చేరేసరికి దాని నిండా కిటికీలే. సీరియల్లో నాయిక ఎవరింటికో వెళ్ళేది, తలుపు గడియ పెట్టేది, అంతే, అక్కడో కిటికీ. అందులోంచి చూస్తే కింది పేజీలో గుత్తివంకాయ కూర కనపడేది. ఆ కత్తెర దెబ్బకి వెనకవైపున్న వంటలు కూడా సగం సగం పోయేవి. మసాలా ఎంత వెయ్యాలో నేనే ఊహించుకునేదాన్ని.

మేం సినిమా పాటలు పెట్టుకుంటామని ట్రాన్సిస్టర్లో బ్యాటరీలు పొద్దున్నే తీసి జేబులో వేసుకుని వెళ్ళేవారు. ఏ సినిమా అయినా ముందు తనొక్కరే వెళ్ళి చూసొచ్చి, పిల్ల చూడదగ్గదైతేనే మమ్మల్ని తీసుకెళ్ళేవారు. అనుమానం తీరక రెండోసారి వెళ్ళొచ్చిన సినిమాలు కూడా ఉన్నాయి. అవి మేం ఎప్పుడూ చూడలేదు. ఆదివారం పొద్దున్న కనకం స్కూలు సంచి చాప మీద బోర్లించి ఒక్కో పుస్తకం దులిపి చూసేవారు. ఆ సోదా అయ్యాక కాఫీ తాగి, అర్జెంటు పనుందని ప్రెస్సుకి వెళ్ళేవారు.

ఇంత నిష్ఠాపరుణ్ణి స్కూలువాళ్ళు వదులుకుంటారా? తల్లిదండ్రుల కమిటీకి ఆయన్నే ప్రెసిడెంటుని చేశారు. వార్షికోత్సవంలో మైకు ముందు నిలబడి, "పిల్లల చేతిలోకి ఏం వస్తోందో ఇంట్లో కనిపెట్టి ఉండటం మన పవిత్ర బాధ్యత" అని ఆయన అంటే హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా.

డెబ్బై నాలుగు జూన్‌లో స్కూళ్ళు తెరిచే రోజులొచ్చాయి. ప్రెస్సు ఉన్న ఇళ్ళలో పుస్తకాల అట్టలకి కాయితం కొనరు. మెషీను సర్దుకునేదాకా మొదట్లో కొన్ని కాయితాలు మసకగానో వంకరగానో పడి పాడవుతాయి. అలా ఒకవైపే అచ్చు పడిన కాయితాలు ఇంటికి తెచ్చుకుని, అచ్చు వైపు లోపలికి, తెల్ల వైపు పైకి పెట్టి అట్టలు వేస్తాం. మా ఇంట్లో ఏటా ఇదే పద్ధతి. ఏ కాయితాలు ఇంటికి రావాలో ఆయనే ఏరి పంపేవారు. ఆ ఏడు ఆయన కొత్త టైపు అక్షరాలు కొనడానికి మద్రాసు వెళ్ళి, చెప్పిన రోజుకి రాలేదు. నేనే రిక్షా ఎక్కి ప్రెస్సుకి వెళ్ళాను. మెట్ల కింద గోనెపట్టా కప్పిన కట్ట ఒకటి కనపడింది. దళసరి కాయితం, పెద్ద సైజు, ఒకవైపు తెల్లగా ఉంది. తెచ్చేసుకున్నాను.

అచ్చు వైపు ఏముందో చూడలేదా అని మీరడగొచ్చు. పుస్తకానికి వేసే అచ్చు అలా చూసి చదివేలా ఉండదు. ఒక పెద్ద కాయితం మీద ఎనిమిది పేజీలు, సగం తలకిందులుగా, వరస లేకుండా ఉంటాయి. మడత పెట్టి కోస్తేనే అది పుస్తకం. అయినా ప్రెస్సాయన పెళ్ళానికి అచ్చుకాయితం వింతా? మైదా జిగురు ఉడికించి కనకం పుస్తకాలన్నిటికీ అట్టలు వేశాను. మిగిలిన కాయితం శౌరయ్య కూతురికిచ్చాను.

శౌరయ్య మా ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసల్లో కూర్చేది అతనే. చిట్టినగర్ వైపు ఉంటారు. కూతురు సువార్త మా కనకం క్లాసే. ఏటా దానికి కూడా అట్టల కాయితం నేనే ఇచ్చేదాన్ని. కిందటేడు ఎరువుల కరపత్రాలిస్తే, "అమ్మగారూ, పుస్తకం తెరిస్తే వేపపిండి వాసనొస్తోందండీ" అని నవ్వింది. అలాంటి పిల్ల.

జూలైలో ముసురు పట్టింది. కనకం రిక్షాలో వెళ్తుంది, సువార్త నడిచి వెళ్తుంది. ఒక శుక్రవారం సువార్త సోషలు పుస్తకం తడిసి, అట్ట ఊడి క్లాసులో కింద పడింది. పక్క పిల్ల తీసి చూసి కిసుక్కున నవ్వింది. అది నలుగురి చేతులు మారి టీచరు బల్ల మీదికి చేరింది. అక్కణ్ణించి హెడ్ మిస్ట్రెస్ మదర్ గారి దగ్గరికి వెళ్ళింది.

ఈ సంగతంతా ఆ సాయంత్రం కనకం సంచి కూడా దించకుండా చెప్పింది.

"సువార్త బూతు కాయితం తెచ్చిందటమ్మా. మదర్ గారు శౌరయ్యని పిలిపించారు. ప్రెసిడెంటు కదా అని నాన్నని కూడా పిలిపించారు. మేమందరం కిటికీలోంచి చూశాం."

"సువార్తేమంది?"

"ఏడుస్తూ, ఈ కాయితం అమ్మగారిచ్చారండీ అంది. నాన్న నవ్వారు. మా ఇంట్లోకి వీక్లీ కూడా కత్తిరించకుండా రాదు, ఇది మా ఇంటి కాయితమా అన్నారు. మదర్ గారు కూడా నిజమేనన్నారు. పైగా అబద్ధం కూడానా అని శౌరయ్య దాన్ని కొట్టాడమ్మా. అటూ ఇటూ, రెండు చెంపలూ."

దాని సంచి నేనే భుజం మీంచి దించాను.

"సోమవారం కమిటీ కూర్చుని టీసీ ఇచ్చి పంపేస్తారట. కాయితం నువ్వేగా ఇచ్చావు? నాన్న ఎందుకలా అన్నారు?"

"మద్రాసులో ఉన్నారుగా, తెలిసుండదులే. వెళ్ళి కాళ్ళు కడుక్కో" అన్నాను.

అది పెరట్లోకి వెళ్ళగానే లెక్కల పుస్తకం అట్ట విప్పాను. తలకిందులుగా ఉన్న పేజీని సవ్యంగా పట్టుకుని చదివాను. నాలుగు వాక్యాలు చదివి మడిచేశాను. అందులో ఏముందో చెప్పను. చెబితే నేనూ అచ్చు వేసినట్టే. అది మొగుడూ పెళ్ళాల సరసం కాదు, వయసులో ఉన్నవాళ్ళ చిలిపితనం కాదు. ఆడదాన్ని ఏడిపించి, ఆ ఏడుపు చూసి చంకలు గుద్దుకునే రాత. అలాంటిదాన్ని నా చేత్తో జిగురు రాసి, మడతలు గోటితో నొక్కి మరీ నా కూతురి పుస్తకాలకి తొడిగాను. నెలరోజులుగా ఆ పిల్ల దాన్ని గుండెకానించుకుని స్కూలుకెళ్తోంది. ఛీ! సబ్బు పెట్టి ఎన్నిసార్లు చేతులు కడిగినా ఆ పూట అన్నం కలపబుద్ధి కాలేదు.

ఆయనొచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు. పీట మీద కూర్చుంటూనే, "ఇక ఆ శౌరయ్య కూతురితో కనకాన్ని మాట్లాడనివ్వకు. ఎనిమిదో క్లాసు పిల్లకి ఆ బుద్ధులేంటి, అసహ్యం!" అన్నారు.

"ఏం రాసుందండీ దాని మీద?"

"ఆడవాళ్ళు వినే మాటలు కావులే. పప్పు ఇంకాస్త వెయ్యి."

వేశాను. తన ప్రెస్సులో పడిన కాయితాన్ని పోల్చుకోలేని మనిషి కాదాయన. చూసిన క్షణంలోనే పోల్చుకుని ఉంటారు. అయినా నవ్వారు, అయినా ఆకలేసింది, మజ్జిగన్నంలోకి మాగాయ కూడా అడిగారు. ఆయన చెయ్యి కంచంలో తిరుగుతుంటే చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం పొద్దున్న సోదా జరగలేదు. దాని బదులు బ్రౌన్ పేపరు చుట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "పిల్ల పుస్తకాలకి ఆ పాత అట్టలెందుకు? పీకి పొయ్యిలో పెట్టెయ్. ఇది వెయ్యి" అన్నారు, నా మొహం చూడకుండా. తర్వాత అర్జెంటు పనికి వెళ్ళారు. కాసేపాగి నేనూ బయల్దేరాను.

ప్రెస్సు ముందు తలుపులు మూసున్నాయి. లోపల మెషీను చప్పుడు వినపడుతోంది. సందులోంచి వెళ్ళి వెనక తలుపు తోశాను. శౌరయ్య అక్షరాల పెట్టెల ముందు నిలబడి కూర్పు చేస్తున్నాడు. ఆదివారం పూట చర్చిలో పూజకి పోవాల్సిన మనిషి. మా ఆయన బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని ప్రూఫు దిద్దుతున్నారు. అంత శ్రద్ధగా ఆయన కనకం మార్కులు కూడా చూసి ఎరగరు.

"నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?" అన్నారు లేచి.

"బ్రౌన్ పేపరు చాల్లేదండీ. మెట్ల కింద కాయితం ఇంకా ఉందేమోనని."

మెషీను తిప్పే కుర్రాణ్ణి ఆపమని బయటికి పంపేశారు. తర్వాత ఆయన నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "చూడు రామతులసీ, ఇది వ్యాపారం. ఇవి మన ఊళ్ళో అమ్మరు. హనుమాన్ జంక్షన్ అవతల లారీలు ఆగే చోట్ల, కిళ్ళీ కొట్లలో అమ్ముతారు. వాళ్ళు చదువుకుంటే మనకేం? మన పిల్లకి అందకుండా చూసుకుంటున్నానా లేదా? ఏనాడన్నా ఒక్క ముక్క ఇంటికి రానిచ్చానా? తెచ్చింది నువ్వు."

ఒళ్ళు మండిపోయింది. ఆయన లెక్కలో తప్పు అచ్చు వేసినవాడిది కాదు, అట్ట వేసినదానిది!

"మరి ఆ పిల్లని స్కూల్లోంచి తీసెయ్యడమేంటండీ? అదేం చేసింది?"

"టీసీ ఇస్తే గొడవ అక్కడితో అయిపోతుంది. ఇంకో స్కూల్లో నేనే చేర్పిస్తాను. శౌరయ్యకి లేని బాధ నీకెందుకు?"

శౌరయ్య వైపు తిరిగాను. "ఏమయ్యా, ఈ అక్షరాలు నువ్వు కూర్చినవేగా? తెలిసే పిల్లని కొట్టావా?"

అతను చేతిలో సీసపు ముక్క కింద పెట్టలేదు. తల వంచుకునే చెప్పాడు. "నేను చదవనండమ్మగారూ. అక్షరం పక్కన అక్షరం పెడతానంతే. నేను కూర్చానని తెలిస్తే ఫాదర్ గారు గుళ్ళో అడుగు పెట్టనివ్వరండి. బాబుగారు పన్లోంచి తీసేస్తారు. అందరూ చూస్తన్నారు, ఏం చెయ్యాలో తోచలేదండి. కొట్టేశాను."

ఆ చేతిని చూశాను. వేళ్ళ కొసలు సిరాతో నల్లగా ఉన్నాయి. అదే చేత్తో ఆ రాతంతా కూర్చి, అదే చేత్తో కూతుర్ని కొట్టాడు. పేదవాడు, భయస్తుడు, నిజమే. మా ఆయన మీద వేసినంత రోత అతని మీద వెయ్యలేదు. కానీ అసలు వెయ్యలేదని మాత్రం చెప్పలేను. ఇద్దరు తండ్రులు, ఇద్దరికీ నిజం తెలుసు, ఇద్దరూ కలిసి ఆ కాయితాన్ని ఒక ఆడపిల్ల మెడకి కట్టారు.

బ్రౌన్ పేపరు నేను వెయ్యలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నోరు విప్పితే కనకం పేరు కూడా స్కూలంతా పాకుతుంది. ఫలానా ప్రెస్సాయన కూతురని, పెళ్ళి చూపులదాకా వెంటాడతారు. నోరు మూసుకుంటే సువార్త పేరు ఒక్కటే పోతుంది. కమిటీలో ఎవరికీ పట్టని పేరది. తల్లిని కాబట్టి కాసేపు ఆ లెక్క నేనూ వేశాను. వేసినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

సోమవారం మధ్యాహ్నం మీటింగు. మదర్ గారి గదిలో బల్ల చుట్టూ ఒక వకీలుగారు, ఒక రైసుమిల్లు యజమాని, నడిమి కుర్చీలో మా ఆయన. శౌరయ్య గోడవార నిలబడ్డాడు. సువార్త గుమ్మం దగ్గర నిలబడింది. నేను కనకం పుస్తకాల సంచి తీసుకెళ్ళి బల్ల మీద బోర్లించాను.

"ప్రెసిడెంటు గారూ, మా అమ్మాయికి కూడా టీసీ రాయండి" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "రామతులసీ, ఇంటికి పద. నీకు ఒంట్లో బాగాలేదు" అన్నారు.

నేను సైన్సు పుస్తకం అట్ట విప్పి మదర్ గారి ముందు పరిచాను. "ఇది మా అమ్మాయి పుస్తకం. ఈ అట్ట వేసింది నేను. ఆ పిల్లకిచ్చిందీ నేనే. కాయితం మా ప్రెస్సులో మెట్ల కింది కట్టలోది. నెలరోజులుగా మా కనకం ఇదే మోస్తోంది. ఒకే తప్పుకి ఒక పిల్లని పంపేసి ఇంకొకర్ని ఉంచుకుంటారా?"

మదర్ గారు చదవబోయి, కాయితం తిరగేసి పెట్టేశారు. మిగతా ఇద్దరు మా ఆయన వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకుని, "ఎవరో జాబ్ వర్కుకి ఇచ్చారు. లోపలేముందో నేను చూసుకోలేదు" అన్నారు.

అంతే. వకీలుగారు తలూపారు. "ప్రెస్సన్నాక సవాలక్ష వస్తుంటాయమ్మా. పొరపాటు" అన్నారు. మిల్లాయన కూడా, "ఆడపిల్లల వ్యవహారం, బయటికి పొక్కకుండా ఇక్కడితో ఆపేద్దాం" అన్నారు. శౌరయ్య కూతురి దగ్గర దొరికితే పాపమైనది మా ఇంటిదనేసరికి పొరపాటైపోయింది. టీసీ మాట గాలికి పోయింది. ఆయన్ని కుర్చీలోంచి లేవమన్నవాళ్ళు లేరు. తనే లేచి, గడియారం చూసుకుని, పనుందని వెళ్ళిపోయారు. శౌరయ్య ఆయన వెనకే వెళ్ళాడు, కూతురి వైపైనా చూడకుండా. నాకు అక్కడే ఉమ్మేయాలనిపించింది. చదువుకున్నవాళ్ళ గది కదా, మింగేశాను.

"మదర్ గారూ, ఈ పిల్ల పరువు పోయింది ఈ గదిలో కాదండీ, క్లాసులో" అన్నాను.

ఆవిడ కాదనలేదు. ఇద్దరం ఎనిమిదో క్లాసుకి వెళ్ళాం. సువార్త ఏ తప్పూ చెయ్యలేదని, నిజమే చెప్పిందని, తను నమ్మలేకపోయానని ఆవిడ పిల్లలందరి ముందూ అన్నారు. కాయితం ఎవరిదో చెప్పబోయి ఆగారు. నేనే చెప్పాను. "కాయితం మా ప్రెస్సుది. అట్టలు వేసింది నేను. నవ్వుకోవాలంటే నన్ను చూసి నవ్వండి." ఎవరూ నవ్వలేదు. రెండో బెంచీలో కనకం బల్ల వైపే చూస్తూ కూర్చుంది.

స్కూలు వదిలాక ఇద్దరూ వరండాలోకి వచ్చారు. సువార్త నా దగ్గరగా వచ్చి నిలబడింది. దణ్ణం పెడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను.

"అమ్మగారూ, అది ప్రెస్సు కాయితమని మా నాన్నకి తెలుసా అండీ?"

నేను రిక్షా కోసం వీధి వైపు చూశాను.

"నన్ను కొట్టకముందే తెలుసా అండీ?"

ఇప్పటికే ఇంతమంది అబద్ధాలు విన్న పిల్లకి నేనూ ఒకటి చెప్పలేకపోయాను. "తెలుసమ్మా" అన్నాను.

అది తలూపింది. ఇంకేమీ అడగలేదు. పక్కనే ఉన్న మా కనకం తన తండ్రి గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. రిక్షా పిలిచాను. వాన మళ్ళీ మొదలవుతోంది, ఇద్దరూ ఎక్కండి, ఇళ్ళకి వెళ్దాం అన్నాను. రిక్షా అతను గంట కొట్టాడు. ఇంకోసారి పిలిచాను. ఇద్దర్లో ఒక్కతీ కదల్లేదు.